ఆదివారం కొలవని వాన

పదో నంబరు ప్లాట్‌ఫారం

2007వ సంవత్సరం జూలై నెల 13వ తేదీ, శుక్రవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు నేను సికింద్రాబాద్ స్టేషన్ పదో నంబరు ప్లాట్‌ఫారం మీద దిగాను. విశాఖపట్నం నుంచి వచ్చిన ఆ రైలు పెట్టెలో నాతోపాటు దిగినవారిలో చాలామంది నా వయసువారే. కంప్యూటరు కోర్సుల్లో చేరడానికి వచ్చినవారు. అందరి చేతుల్లోనూ సర్టిఫికెట్ల ఫైలు ఉంది. నా చేతిలోనూ ఒక ఫైలు ఉండటంతో బయట ఆటోవాలా ఏమీ అడగకుండానే నన్ను వారిలో కలిపేశాడు.

ఆ కోర్సులు చెప్పే అమీర్‌పేట కాదు, బోయిగూడ వెళ్లాలని చెప్పాను. బోయిగూడలో ఏ కోర్సు చెప్తున్నారని అడిగాడు. అక్కడి బడిలో వాన కొలిచే సాధనం ఉంది, దాని రిజిస్టరు చూడటానికి వచ్చానన్నాను. అతడు మీటరు తిప్పకుండా నా వైపు తిరిగి చూశాడు.

“వాన లెక్క సూడనీకి రైలెక్కి వచ్చిన్రా మేడమ్? గదేదో జెర ఫోన్ చేస్తే మేమే చెప్తుంటిమి గదా, మస్తు పడుతున్నదని.”

నవ్వాను కానీ, నా ఫైలులో ఉన్న విషయం నవ్వదగినది కాదు. పాఠకులకు అది ముందుగా చెప్పడం అవసరం.

నేను విశాఖపట్నంలో ఒక చిన్న పరిశోధన సంస్థలో గణాంక సహాయకురాలిని. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి దేశం మొత్తంమీద ఏ చర్యలు తీసుకోవాలో చెప్పే ఒక పత్రం అప్పుడు ఢిల్లీలో తయారవుతోంది. మన రాష్ట్ర నగరాల వర్షపాతానికి సంబంధించిన అనుబంధం మా సంస్థకు అప్పగించారు. అందులో ప్రతి వాక్యానికీ ఒక అంకె, ప్రతి అంకెకూ ఒక మూలం ఉండాలి. ఒక్కొక్క మూలాన్నీ సరిచూసి, దాని ఎదురుగా ‘మూలం చూశాను’ అన్న గడిలో సంతకం చేయడం నా పని. సంతకం ఉన్న వాక్యాలే పత్రంలో నిలుస్తాయి. ఆ వాక్యాలు పేర్కొన్న ప్రాంతాలే వరద కాలువల గోడలు కట్టే పనుల మొదటి విడత జాబితాలోకి వెళతాయి.

నలభై ఒకటో వాక్యం ఇలా ఉంది: సికింద్రాబాద్ బోయిగూడ పరిసరాలలో ఒక్క రోజులో కురిసే భారీ వర్షాలు గత దశాబ్దంలో స్పష్టంగా పెరిగాయి. మూలంగా ఒక నివేదికను, ఆ నివేదికకు మూలంగా ఒక బడిలోని వర్షమాపకం లెక్కలను చూపారు. ఆ లెక్కలను ఎవరో టైపు చేసిన పట్టిక ఫొటోకాపీ చూసి నేను సంతకం చేశాను. అసలు రిజిస్టరు చూడలేదు. ఢిల్లీ నుంచి ఒక అధికారి ఆ రిజిస్టరు పేజీ నకలు కావాలని, సోమవారం మధ్యాహ్నం పన్నెండు గంటలలోగా ఫ్యాక్సులో అందాలని రాశారు. అందకపోతే వాక్యం తొలగిస్తారు.

మా నాన్నగారు జూట్ మిల్లులో మూటలు మోస్తారు, జీతం రోజున వేలిముద్ర వేస్తారు. మా ఇంట్లో కలంతో సంతకం చేసిన మొదటి మనిషిని నేను. అటువంటి నేను చూడనిదాన్ని చూశానని సంతకం పెట్టాను. ఆ సంగతి మా డైరెక్టరు గారికి తెలియదు. నాలుగు రోజుల్లో దాన్ని నిజం చేసి తిరిగి వెళ్లడమే ఈ ప్రయాణం ఉద్దేశం.

బోయిగూడ, పిన్ని ఇల్లు

నాకు బస మా నర్సమ్మ పిన్ని ఇంట్లో. శ్రీకాకుళం దగ్గరి మా ఊరి నుంచి పదహారేళ్ల కిందట ఈ నగరానికి వచ్చారు. బాబాయి రైల్వే పార్సిళ్లు దించే చోట గుమాస్తా. రోడ్డు మీంచి నాలుగు మెట్లు దిగితే వీధి, వీధిలోంచి మరో మెట్టు దిగితే ఇల్లు. మా వైపు ఇంట్లోకి మెట్లెక్కి వెళతాం. ఇక్కడ దిగి వెళ్లవలసి రావడం నాకు మొదట వింతగా తోచింది. ఎందుకలా అని అడగవలసిన పని లేకుండా లోపల గోడ చెప్పింది. నా మోకాలికి పైన, నాలుగు గోడల మీదా ఒకే ఎత్తులో మట్టిరంగు గీత ఉంది. బియ్యం డ్రమ్ము ఇటుకల మీద ఉంది. ట్రంకుపెట్టె మంచం మీద ఉంది.

“ఒచ్చీసినావేటే. సిక్కిపోనావు,” అంటూ పిన్ని చేతిలోని సంచి అందుకుంది. చోడి అంబలి, అంటే రాగి జావ కలిపి, పక్కన కాల్చిన ఎండు మెత్తళ్ల చేపలు పెట్టింది. ఈ నగరంలో అందరూ పొద్దున్నే ఛాయ్‌లో బిస్కెట్లు ముంచుకుని తింటారనీ, దానికి కడుపెలా నిండుతుందో పదహారేళ్లయినా తనకు అర్థం కాలేదనీ చెప్పింది.

అప్పుడు నేను చేయకూడని పని చేశాను. నా ఉద్యోగం ఏమిటో పిన్నికి అర్థమయ్యేలా చెప్పాలన్న ఉత్సాహంలో ఫైలు తెరిచి, నలభై ఒకటో వాక్యంలో బోయిగూడ అన్న పేరు చూపించాను. ఇది నిలిస్తే ఈ ఇళ్ల వెనక పారే వరద కాలువకు గోడ కడతారని చెప్పాను. పిన్నికి చదవడం రాదు. ఆ మాట మీద వేలు పెట్టి, అక్షరాలు ఎన్ని ఉన్నాయో చూసినట్టు నెమ్మదిగా జరిపింది. తర్వాత పక్కింటికి వెళ్లి వచ్చింది. సాయంత్రానికి ఆ వీధిలో పదకొండు ఇళ్లవారికీ నేనెవరో తెలిసిపోయింది.

బడి ఆవరణ

మిషనువారు కట్టిన పాత బడి అది. ఒకే ఆవరణలో ఒక పక్క తరగతులు, ఒక పక్క చర్చి, మధ్య ఖాళీ స్థలంలో కంచె వేసి వర్షమాపకం. దాన్ని చూడని వారికి చెబుతున్నాను, అందులో యంత్రమేమీ ఉండదు. నేలలో పాతిన డబ్బా, పైన గరాటు, లోపల సీసా. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు సీసాలోని నీటిని గీతలున్న గాజుపాత్రలో పోసి కొలిచి, ఆనాటి తేదీకి ఎదురుగా రాయాలి. దేశమంతటా అదే వేళ, అదే పద్ధతి. ఇరవై నాలుగు గంటల వాన ఒక అంకె అవుతుంది. అంతటి ఢిల్లీ పత్రమూ చివరికి ఇలాంటి సీసాల మీద నిలబడి ఉంటుందని నాకు ఆ రోజు మొదటిసారి కళ్లకు కనిపించింది.

ప్రధానోపాధ్యాయురాలు మర్యాదగా కూర్చోబెట్టి, నా దగ్గర ఉన్న టైపు పట్టికనే మళ్లీ నాకు చూపించారు. అసలు రిజిస్టర్లు కావాలన్నాను. గత పదకొండేళ్లవి సైన్సు బీరువాలో ఉన్నాయి. తాళం ఇప్పుడు వాన కొలిచే ఎస్తేరు టీచరు దగ్గర ఉంది. ఆమె శిక్షణకు వెళ్లారు, ఈ రెండు రోజులూ వేరే టీచరు కొలుస్తున్నారు, ఆమె సోమవారం బడికి వస్తారు. అంతకు ముందువి చెదలు పడతాయన్న భయంతో, అప్పట్లో కొలిచిన సామ్యూల్ మాస్టారు తన ఇంట్లో పెట్టుకున్నారు. సోమవారం పన్నెండు గంటలు అన్న గడువు గురించి చెప్పాను. ఆమె, ఎనిమిదిన్నరకే రండి, కొలవడం కూడా చూడవచ్చు అన్నారు.

ఆ ఆవరణ బయట ఇరానీ హోటలులో మొదటిసారి ఛాయ్ తాగాను. నాలుగు రూపాయలు. కప్పులోంచి సాసరులోకి వంచుకుని తాగుతున్న పెద్దమనిషి ఒకాయన, నేను కప్పుతోనే తాగి నాలుక కాల్చుకోవడం చూసి తన సాసరును నా ముందు ఎత్తి చూపించాడు. మాటల్లేకుండా నేర్పిన పాఠం. మా వైపు అలా తాగితే మర్యాద తెలియనివారంటారు.

చిలకలగూడ, మాస్టారి ఇల్లు

శనివారం ఉదయం చిలకలగూడలో సామ్యూల్ మాస్టారి ఇంటికి వెళ్లాను. డెబ్బై ఏళ్లుంటాయి. గోదావరి వైపు నుంచి వచ్చి ఈ బడిలో సైన్సు చెప్పి పదవీ విరమణ చేశారు. ఒంటరిగా ఉంటున్నా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని నా కోసం ఎదురుచూస్తున్నారు. రిజిస్టర్లను వరుసగా బల్ల మీద పేర్చి, వాటి పక్కన చేతులు తుడుచుకోవడానికి తువాలు పెట్టారు.

నేను అంతకు ముందు అంత అందమైన లెక్కలు చూడలేదు. తేదీ, వారం, కొలత, చివర విశేషాలు. ఒక్క గడి ఖాళీ లేదు. కూతురి పెళ్లి రోజున కూడా కొలిచి రాశారు. ఆదివారాలు ఎలా వీలయిందని అడిగాను. ఆయన నవ్వారు.

“ఆరాధన ఎనిమిదింటికి మొదలవుతుందమ్మా. నేను చివరి బెంచీలో కూర్చునేవాణ్ని. రెండో కీర్తన కాగానే లేచి, కొలిచి, బైబిలు వాక్యం చదివే వేళకు వచ్చేసేవాణ్ని. ఒక పాస్టరుగారు వేదిక మీంచే అన్నారు, మాస్టారు ప్రార్థన చేసిన వానను ఆయనే కొలుచుకుంటున్నారని.”

“మీ తర్వాత, మాస్టారూ?”

“ఎస్తేరు చూస్తోంది. నా శిష్యురాలే. నాకంటే మంచి దస్తూరీ.”

ఆదివారాలు ఆమె కూడా మధ్యలో లేచి వెళతారా అని అడిగాను. మాస్టారు తువాలు మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచారు. “ఆమె గాయకబృందంలో ముందు నిలబడుతుందమ్మా,” అన్నారు చివరికి.

ఆ మాట అక్కడ వదిలేసి మరో కప్పు టీ పోశారు. నేను తాగలేకపోయాను.

పిన్ని ఇంటికి తిరిగి వచ్చి టైపు పట్టిక తెరిచాను. అందులో తేదీలున్నాయి, వారాలు లేవు. చివరి గడి, విశేషాలన్నది, అసలే లేదు. గత పదకొండేళ్లలో భారీ వర్షంగా గుర్తు పెట్టిన ప్రతి తేదీకీ వారం లెక్కకట్టడం మొదలుపెట్టాను. మొదటిది సోమవారం. రెండోది సోమవారం. మూడోది గురువారం వచ్చినప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత వరుసగా మళ్లీ సోమవారాలు. దసరా సెలవులు ముగిసిన మరుసటి రోజు ఒకటి. వాటి ముందు రోజుల్లో పట్టిక సున్నాలు చూపిస్తోంది.

వాన వారం చూసుకుని కురవదు. అంత మాత్రం చదువు నాకుంది.

పిన్ని పక్కనే కూర్చుని చింతచిగురు ఏరుతోంది. ఏటి రాస్తన్నావు అని అడిగింది. మీ వీధి గురించే అన్నాను. “బాగా రాయే. ఒక్క నీటి గురించే కాదు, పాములు కూడా వొస్తన్నాయని రాయి,” అంది. అప్పటికే చినుకులు మొదలయ్యాయి.

ఆదివారం

నిద్రలేచేసరికి గడప దాటి నీళ్లు లోపలికి వచ్చాయి. ఎక్కువ కాదు, నా చీలమండ దాకా. అయినా దాని వాసన, చల్లదనం, అందులో తేలుతున్న ఎవరిదో చెప్పు, ఇవి ఏ పట్టికలోనూ ఉండవు. బాబాయి, పిన్ని, నేను బకెట్లతో ఎత్తి పోశాం. ఎత్తి పోసేది కూడా వీధిలోకే కాబట్టి కొంత మళ్లీ వచ్చేది. పిన్ని ఒక్క మాట కూడా విసుక్కోలేదు. పక్కింటామె మాత్రం నన్ను చూసి, ఇదంతా కళ్లారా చూశావు కదా బిడ్డా, గట్టిగా రాస్తవులే అంది.

ఏడున్నరకు తడి చీర మార్చుకుని చర్చికి బయలుదేరాను. మేము హిందువులం. చర్చిలో కూర్చోవడం నాకు అదే మొదలు. ఆడవారు ఒక వైపు, మగవారు ఒక వైపు కూర్చున్నారు. చెప్పులు బయట విడిచిరావడం మన గుడిలాగే ఉంది కానీ, వచ్చినవారందరూ చివరిదాకా కదలకుండా కూర్చోవడం నాకు కొత్త. మనం దర్శనం చేసుకుని వచ్చేస్తాం. అక్కడ మధ్యలో లేవడం అందరికీ కనిపిస్తుంది.

గాయకబృందంలో ముందు వరుసలో నిలబడ్డావిడే ఎస్తేరు టీచరని పక్కన కూర్చున్నామె చెప్పింది. నలభై ఏళ్ల మనిషి. నిండైన గొంతు. ఆమె ఎత్తుకుంటే మిగతావారందరూ ఆ గొంతును పట్టుకుని నడుస్తున్నట్టు ఉంది. బయట వాన పడుతూనే ఉంది. నేను కీర్తన వినలేదు, గోడ గడియారం చూశాను.

ఎనిమిదీ ఇరవై అయిదుకు చివరి బెంచీలో సామ్యూల్ మాస్టారు కర్ర పట్టుకుని సగం లేచారు. కిటికీలోంచి కంచె వైపు చూశారు. కాళ్లు నిలవలేదో, మరేమిటో, తిరిగి కూర్చున్నారు. ఎనిమిదిన్నర అయింది. ఎనిమిదీ నలభై అయింది. ఎవరూ బయటికి వెళ్లలేదు. ఇంతమంది మధ్య ఒక అంకె పుట్టవలసిన వేళ దాటిపోయింది. అది నాకూ మాస్టారికీ తప్ప ఎవరికీ పట్టలేదు.

ఆరాధన ముగిశాక నన్ను నేను పరిచయం చేసుకున్నాను. ఎస్తేరు టీచరు నా చేయి పట్టుకుని, ఊరి నుంచి వచ్చినవారు ఆదివారం ఆకలితో తిరిగిపోకూడదని ఇంటికి తీసుకువెళ్లారు. బగారా అన్నం, మాంసం కూర. మసాలా ఘాటుకు నాకు కళ్లు చెమర్చాయి. ఆమె నవ్వుతూ పెరుగు పోశారు. ఆ నవ్వు చూస్తూ ప్రశ్న అడగడం నాకు కష్టమైంది. అయినా అడిగాను.

ఆమె గరిటె కింద పెట్టారు.

“ఆదివారం కంచె గేటుకు తాళం ఉంటదమ్మా. ఉండకున్నా నేను పాట నడుమ ఎట్ల పోతా? సోమవారం రెండు రోజులది కలిపి కొలుస్త. కలిపి కొలిచిన అని రాస్త సుత. దాపరికం ఏం లేదు.”

ఎక్కడ రాస్తారన్నాను.

“ఆఖరి గడిల. రేపు చూస్కో. కంప్యూటర్ల ఎక్కిస్తమని ఒక సెంటరోళ్లు వచ్చి రిజిస్టర్లు తీస్కపోయిన్రు. షీట్ల పట్టలేదని ఆ గడి తీసేసిన్రు. చిన్న గడే గదా మేడమ్ అన్నరు. నేను ఏమంటా?” నా వైపు చూడకుండా అడిగారు. “ఇదంతా నా మీద పెడ్తరా?”

పెట్టనని చెప్పాను. ఆ నివేదిక రాసినవారు రిజిస్టరు చూడలేదు. నేనూ చూడలేదు. చూశానని సంతకం కూడా చేశాను. ఆ చివరి మాట ఆమెతోనే మొదటిసారి బయటికి అన్నాను.

ఎనిమిదిన్నర

సోమవారం ఉదయం వాన వెలిసింది. ఎస్తేరు టీచరు సీసా పైకి తీశారు. గాజుపాత్ర ఒకసారి నిండింది, పారబోశారు. రెండోసారి, మూడోసారి. నాలుగోసారి సగం దాకా వచ్చింది. ఆమె తల వంచి, నీటి అంచును కంటికి సమంగా పట్టుకుని కొలిచిన తీరులో ఎంత జాగ్రత్త ఉందో చెప్పలేను. శనివారం ఉదయం తర్వాత కురిసిన రెండు రోజుల వాన సోమవారానికి ఎదురుగా ఒకే అంకెగా చేరింది. ఆదివారం గడిలో చిన్న అడ్డగీత. చివరి గడిలో, ‘రెండు దినములది’.

బీరువాలోంచి పాత రిజిస్టర్లు తీయించి వెనక్కి తిప్పాను. మాట తప్పకుండా, పదకొండేళ్లుగా అదే దస్తూరీలో ‘రెండు దినములది’, ‘నాలుగు దినములది’. టైపు పట్టికలో అడ్డగీతలు సున్నాలయ్యాయి. చివరి గడి మాయమైంది. రెండు రోజుల వాన ఒక్క రోజు కుంభవృష్టిగా మారింది. సోమవారాలనూ సెలవుల మరుసటి రోజులనూ పక్కన పెట్టి, శనివారం ఎత్తి రాసుకున్న మాస్టారి ఏళ్లనూ ఈ ఏళ్లనూ మళ్లీ పోల్చాను. కొంత తేడా మిగిలింది. దాన్ని పెరుగుదల అనవచ్చో లేదో తేల్చడానికి ఆ లెక్కలు చాలవు.

పది గంటలకు బడి ఆఫీసు నుంచి డైరెక్టరు గారికి ఫోను చేశాను. నా సంతకం సంగతితో మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆయన అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

“నగరాల్లో భారీ వర్షాలు పెరగలేదంటావా?” అన్నారు.

“అది నాకు తెలియదండీ. ఈ రిజిస్టరు ఆ మాట చెప్పడం లేదని మాత్రం తెలుసు.”

“ఆ కాలనీలో నీళ్లు వస్తున్నాయా, లేదా?”

వస్తున్నాయని చెప్పాను. నిన్న నేను కూడా ఎత్తి పోశానని చెప్పాను.

“అయితే వాక్యం నిజమే. వాళ్లు అడిగింది పేజీ నకలు. పేజీ పంపించు. వ్యాఖ్యానం ఎవరూ అడగలేదు. తొలగిస్తే నష్టపోయేది ఢిల్లీలో ఉన్నవాళ్లు కాదు, అది ఆలోచించుకో.”  తర్వాత ఆయన, పన్నెండు దాటకుండా చూడు అని పెట్టేశారు.

ఆయన చెడ్డ మనిషి కారు. ఆ మాటల్లో అబద్ధం ఏమీ లేదు. అదే నన్ను బడి మెట్ల మీద పావుగంట సేపు కదలనివ్వలేదు.

బన్సీలాల్‌పేట వైపు దుకాణం

రిజిస్టరును గుడ్డలో చుట్టుకుని, ఎస్తేరు టీచరును వెంటబెట్టుకుని బన్సీలాల్‌పేట వైపు వెళ్లే రోడ్డు మీద జిరాక్సు, ఫ్యాక్సు ఉన్న దుకాణానికి వెళ్లాను. పదకొండు దాటింది. ముందు ఇద్దరు కుర్రాళ్లు తమ బయోడేటాలు నలభై కాపీలు తీయిస్తున్నారు. కరెంటు ఒకసారి పోయి వచ్చింది. దుకాణదారు రిజిస్టరును గాజు మీద పరిచి, మూత మూసి, ఒక కాపీ తీసి నా చేతిలో పెట్టాడు.

పేజీ కాగితం కంటే వెడల్పు. తేదీ ఉంది, వారం ఉంది, కొలత చక్కగా, నల్లగా వచ్చింది. చివరి గడి రాలేదు.

“అంచుది రాదు మేడమ్. లెక్కలన్నీ వచ్చినయి గదా. ఇదే పంపాలా?”

గోడ మీద గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. ఎస్తేరు టీచరు ఆ కాగితాన్ని చూశారు, నన్ను చూశారు. ఆ క్షణంలో ఎవరూ నన్ను అబద్ధం చెప్పమనలేదు. ఢిల్లీ అడిగిన నకలు అదే. డైరెక్టరు గారు పంపమన్నదీ అదే. గడి కోసింది నేను కాదు, కాగితం కొలత. అది వెళితే వాక్యం నిలుస్తుంది, కాలువకు గోడ వస్తుంది, పిన్ని బియ్యం డ్రమ్ము నేల మీదికి దిగుతుంది. ఆ సెంటరువారు కూడా ఇలాగే ఒక కాగితాన్ని చేతిలో పట్టుకుని, చిన్న గడే కదా అనుకుని ఉంటారు.

రిజిస్టరును అడ్డంగా జరిపి చివరి భాగం రెండో కాగితం మీద విడిగా తీయమన్నాను.

“దానికేం, గానీ రెండు షీట్లకు ఫ్యాక్సు డబల్ అయితది.”

మూడు అన్నాను. మూడో కాగితం మీద బల్లకు ఆనుకుని నిలబడి రాశాను: సోమవారాల కొలతలు ఒకటి కంటే ఎక్కువ రోజులవి. పరిశీలకురాలు ఆ విషయాన్ని ప్రతిసారీ నమోదు చేశారు. టైపు పట్టికలో ఆ గడి లేదు. ఈ మూలాన్ని నేను ఇంతకు ముందు చూడకుండానే చూశానని సంతకం చేశాను. ఇప్పుడు చూశాను. నలభై ఒకటో వాక్యాన్ని ఈ మూలం సమర్థించదు. కింద పేరు, తేదీ, వేళ.

మూడో కాగితం యంత్రంలోకి వెళ్లేటప్పుడు ఒకసారి ఇరుక్కుంది. దుకాణదారు లాగి, చేత్తో నిమిరి, మళ్లీ పెట్టాడు. పదకొండూ యాభై ఆరుకు అందినట్టు చీటీ వచ్చింది.

ఎస్తేరు టీచరు రిజిస్టరును తిరిగి గుడ్డలో చుట్టారు. “మంచిగ చేసినవో, ఏమోనమ్మా,” అన్నారు. “నాకైతే తెల్వదు.” నాకూ తెలియదని చెప్పాను.

మళ్లీ పిన్ని ఇల్లు

సాయంత్రం రైలుకు ముందు పిన్నికి చెప్పాను. దాచి వెళ్లిపోవచ్చు, కానీ మిగతా పది ఇళ్లవారు ఆమెను అడుగుతారు. రిజిస్టరు, గడి, సోమవారం, అన్నీ మెల్లగా వివరించాను. ఆమె తడిసిన బొంతను తీగ మీద తిరగేస్తూ విన్నది.

“నీళ్లు ఒచ్చినాయని నువ్వు సూసినావు.”

“చూశాను పిన్నీ.”

“మరి సూసింది రాయకూడదేటి?”

నేను చూసింది ఒక్క రోజనీ, పత్రానికి కావలసింది ఏళ్ల తరబడి సరిగా కొలిచిన లెక్క అనీ అన్నాను. చెబుతుంటే నా చదువు నా నోటికే పరాయిగా వినిపించింది. పిన్ని బొంత అంచులు సరిచేసి, లోపలికి వెళ్లి, దారిలో తినమని ఉప్పుడు పిండి డబ్బాలో సర్ది ఇచ్చింది. స్టేషనుకు బాబాయి వచ్చారు. ఆమె రాలేదు.

తర్వాత

నలభై ఒకటో వాక్యాన్ని పత్రం నుంచి తొలగించారు. దాని స్థానంలో మరో వాక్యం రాలేదు. మా అనుబంధంలోని మిగిలిన మూలాలన్నింటినీ మళ్లీ అసలు రిజిస్టర్లతో సరిచూడమని ఢిల్లీ నుంచి ఉత్తరువు వచ్చింది. ఆ పనిని డైరెక్టరు గారు నాకు కాక వేరొకరికి అప్పగించారు. డిసెంబరులో నా ఒప్పందం ముగిసింది, పొడిగించలేదు. ఇప్పుడు నేను శ్రీకాకుళంలో ఒక జూనియర్ కళాశాలలో గణితం చెబుతున్నాను.

బడి ప్రధానోపాధ్యాయురాలు ఆదివారాలకు కంచె గేటు తాళంచెవిని కాపలాదారు యాదగిరికి ఇచ్చారు. ఎస్తేరు టీచరు అతడికి కొలవడం నేర్పారు. ఆ ఆగస్టు నుంచి ఆదివారం వాన ఆదివారానికి ఎదురుగానే నమోదవుతోంది. ఆ లెక్కలతో పెరుగుదల ఉందో లేదో చెప్పాలంటే ఇంకా చాలా ఏళ్లు పడుతుంది.

వరద కాలువల మొదటి విడత జాబితాలో బోయిగూడలోని ఆ వీధి లేదు. తర్వాతి ఏడాది వానలకు ముందే పిన్ని, బాబాయి చిలకలగూడలో మేడ మీది ఒక్క గదికి మారారు. వీధిలో మిగిలిన పది ఇళ్లవారు అక్కడే ఉన్నారు.